అచ్చం అయ్యగారిలాగే

నన్ను చూసి పిట్టంతే కదా అనుకోకండి. పిట్టనే, కాదనను. గొడ్ల వీపుల మీద స్వారీ చేసే పసులపోలిగాణ్ణి. ఒళ్లంతా నలుపు, తోక చివర చీలిక. కానీ ఈ ముక్కుతో ఒక్క పోటు పొడిచానంటే గద్దలు మూడు మండలాలు దాటేదాకా వెనక్కి తిరిగి చూసేవి కావు. ఒకసారి ఉరిమిన మబ్బును కూడా తరిమాను. ఆ ఏడు వానలు ఆలస్యమవడానికి కారణం అదే. అలాంటి నేను కళ్లారా చూసింది చెబుతున్నాను కనుక ఇందులో అబద్ధం ఆవగింజంత కూడా ఉండదు.

కాలవగట్టు పక్కన పాడుబడ్డ పొగాకు బ్యారన్, అంటే ఆకు ఆరబెట్టే కొట్టం, ఒకటుంది. అదే మా జంతువుల మందిరం. గుమ్మంలో వేలాడే రైలుపట్టా ముక్కే మా గంట. మా పాస్టరుగారు జెకర్యా అయ్యగారు, ముసలి ఎద్దు. ఇరవై రెండేళ్లు ఆయన మాకు వాక్యం చెప్పారు. ఆ ఇరవై రెండేళ్లూ నేను ఆయన మూపురం మీదే కూర్చున్నాను. సగం ప్రసంగాలు నేను చెవిలో అందించినవే. ఆయన ప్రసంగం మొదలుపెట్టినప్పుడు నాటిన పొగాకు, ఆయన ‘ఆమెన్’ అనేసరికి కోతకొచ్చేది.

ఆరాధన అవగానే సంఘం పెట్టిన వరిగడ్డి మోపు తిని, కుడితి తొట్టి ఖాళీ చేసేవారు. తర్వాత మెడకు కాడి వేయించుకుని, లేవలేని ముసలివాళ్ల ఇళ్లకు నీళ్లపీపా బండి లాగేవారు. చివర, ఏ కోడి పిల్లల్ని లేపితే ఆ కోడి ఇంటికి వెళ్లి, కొమ్ముతో గంప ఎత్తి, పిల్లల మీద వెచ్చగా ఊపిరి వదిలి దీవించేవారు. ఆ దీవెన లేకుండా మా సంఘంలో ఏ కోడిపిల్లా గంప దాటి అడుగు పెట్టలేదు.

ఒకనాడు మోకాళ్లు వంగడం లేదని, ఇక సెలవన్నారు అయ్యగారు. వీడ్కోలు సభలో ఆయనకు బంతిపూల దండ వేశాం. సంఘపెద్ద గమలీయేలు గాడిద ఆయన గొప్పతనం గురించి మాట్లాడుతూ ఉండగానే అయ్యగారు దండ సగం నమిలేశారు.

"అది దండండీ!" అని తబితమ్మ కోడి గుసగుసలాడింది.

"తెలుసమ్మా. గమలీయేలు ముగించేదాకా ఆగితే వాడిపోతుంది," అన్నారాయన.

ఆయన చోటికి దిగువ కాలవ నుంచి బాతు ఫీబమ్మ కొత్త పాస్టరుగా వచ్చింది. చిన్న వయసు, హుషారైన పాట. మొదటి ఆదివారం ప్రార్థన మొదలుపెట్టింది, ముగించింది.

"ఇదేం ప్రార్థనండీ?" అన్నాడు గమలీయేలు బయటికొచ్చి. "అయ్యగారు ప్రార్థిస్తే నేను ఒక కునుకు తీసి, కల కూడా కని లేచేవాణ్ణి. ఈవిడ ఆమెన్ అనేసరికి నా రెండో కన్ను ఇంకా మూతే పడలేదు!"

"పాట కూడా ఎంత వేగమో! నా తోక నన్నడక్కుండానే ఆడేసింది. సిగ్గేసింది," అంది ఒక గొర్రె.

తబితమ్మ బాధ వేరు. ఆమె ఇల్లు మందిరం గుమ్మం పక్కనే. అక్కడ గంప కింద పదకొండు పిల్లలు. గుడ్లు పగిలి మూడు రోజులైంది.

"ఇంత చిన్న ముక్కుతో నా గంప ఎత్తేదెలా తల్లీ? దీవెన లేకుండా పిల్లల్ని బయటికి వదలలేను, అట్టే రోజులు లోపలా ఉంచలేను."

"ఏదో ఒక దారి చూద్దాం అక్కా," అంది ఫీబమ్మ.

"అయ్యగారైతే చూద్దాం అనేవారు కాదు. ఎత్తేసేవారు."

నాకు మనసు ఆగలేదు. వెనక వరసలో మామూలు సభ్యుడిలా కూర్చున్న అయ్యగారి కొమ్ము మీద వాలి, "మీరొక్క మాట చెప్పరాదూ!" అన్నాను.

"నేను నోరు విప్పితే అందరూ మళ్లీ నావైపే తిరుగుతారురా. అప్పుడు ఆ అమ్మాయికి కనిపించేవి వాళ్ల వీపులే," అన్నారాయన.

ఈ గొణుగుడంతా కాలవ దాటి నక్క చెవిన పడింది.

మరుసటి ఆదివారం ఆరాధన ముగుస్తుండగా బ్రదర్ ఫిలేమోను అని తనకు తానే పేరు పెట్టుకుని దిగాడు. ఎద్దు నడకలాగే అడుగులో అడుగు వేశాడు. అయ్యగారిలాగే మూడుసార్లు దగ్గాడు. అయ్యగారిలాగే ముక్కుతో, "ప్రి...య... సం...ఘ...మా..." అన్నాడు. గొర్రెలు బావురుమన్నాయి.

"రెండో మాటకే కునుకు పట్టేసింది! అచ్చం అయ్యగారే!" అని అరిచాడు గమలీయేలు, కళ్లు నులుముకుంటూ.

"నువ్వు నక్కవి కదా నాయనా," అంది తబితమ్మ.

"ఒకప్పుడమ్మా! గట్టు అవతల కూర్చుని అయ్యగారి వాక్యం విని మారిపోయాను. మాంసం ముట్టి మూడేళ్లు. ఆయన తిన్నదే తింటాను, ఆయన చేసిందే చేస్తాను. వెంట్రుకవాసి తేడా ఉంటే తరిమెయ్యండి. అన్నట్టు... ఇవాళ పిల్లల దీవెన ఉందటగా? గంప ఎక్కడమ్మా?"

"ఈయనే కావాలన్నవాళ్లు కాలెత్తండి!" అన్నాడు గమలీయేలు. కాళ్లన్నీ లేచాయి. తబితమ్మ కాలు సగం లేచి ఆగింది.

ఫీబమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమె చూపు గంప మీదికి పోయింది, అక్కణ్ణుంచి గంపకేసి చూస్తూ పెదాలు తడుపుకుంటున్న నక్క మీదికి వచ్చింది. ముందుకొచ్చి నవ్వింది.

"నాకూ సంతోషమేనండీ. అంతా అయ్యగారిలాగే జరగాలన్నారు. అలాగే కానిద్దాం, వరస తప్పకుండా. ఆరాధన అవగానే అయ్యగారు ముందు ఏం చేసేవారు?"

"గడ్డి తినేవారు!" అంది సంఘమంతా ఒక్క గొంతుతో.

మోపు తెచ్చి ముందు పడేశారు. నక్క ఒక పరక నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. "ఇవాళ నాకు ఉపవాసమండీ."

గమలీయేలు నొచ్చుకున్నాడు. "అయ్యగారు ఆదివారం ఏనాడూ ఉపవాసం లేరు! వెంట్రుకవాసి అన్నారు కదా బ్రదర్!"

రెండో పరక ఎలాగో దిగింది. మూడోది గొంతుకు అడ్డంపడింది.

"కుడితి తాగండి, దిగిపోతుంది," అంది ఫీబమ్మ ఎంతో మర్యాదగా.

తొట్టిలో తల పెట్టాడు. మీసాల నిండా తవుడుతో లేచాడు.

"బాగుందా బ్రదర్?"

"స్తోత్రం," అన్నాడు పళ్లు బిగించి.

"మిగతా మోపు బండి లాగి వచ్చాక తిందురుగాని. కాడి తెండమ్మా!"

కాడి మెడ మీద పెడితే జారి నడుముకొచ్చింది. నక్క బొక్కబోర్లా పడ్డాడు. "లాగండి అయ్యగారూ, లాగండి!" అని గొర్రెలు ఉత్సాహపరిచాయి. లాగాడు. బండి కదల్లేదు గానీ నక్క మాత్రం జానెడు పొడవయ్యాడు. నేను కొలిచాను.

"ముందు గంప దగ్గరికి పోదాం," అని రొప్పాడు.

"వరస తప్పకూడదు కదండీ. ముసలివాళ్ల ఇళ్లు ఏడున్నాయి. వచ్చాక మిగిలిన మోపు. ఆ తర్వాతే గంప."

"ఏడిళ్లా! మళ్లీ గడ్డా! పదకొండు లేత పిల్లల కోసం ఇంత గడ్డి ఎవడు తింటాడే!" అనేశాడు.

అన్నాక నోరు మూసుకున్నాడు. గుమ్మంలో రైలుపట్టా కూడా ఊపిరి బిగబట్టింది.

తబితమ్మ ఒక్క ఎగురు ఎగిరి గంప మీద కూర్చుంది. గమలీయేలు తల దించుకున్నాడు. "కాలెత్తమన్నది నేనే కదా," అని గొణిగి, వెనక్కి తిరిగి, ఈసారి రెండు కాళ్లూ ఎత్తాడు. ఆ తాపుకు కాడి ఒకవైపు, నక్క ఒకవైపు ఎగిరాయి. నక్క కుడితి తొట్టిలో పడ్డాడు. అక్కణ్ణుంచి నేను అందుకున్నాను. నా మొదటి పోటుకు తొట్టి పగిలింది. రెండో పోటుకు కాలవ నీళ్లు రెండుగా చీలి వాడికి దారిచ్చాయి. మూడో పోటు పొడవలేదు, భూమి మీద జాలేసి.

అంతా సద్దుమణిగాక గమలీయేలు ఫీబమ్మ దగ్గరికొచ్చాడు.

"అమ్మగారూ... ఆ మిగిలిన గడ్డి తమరికి పెట్టమంటారా?"

"నేను గడ్డి తినలేనండీ. బండి లాగలేను. గంప కూడా ఎత్తలేను. నేను అయ్యగారిని కాను," అంది ఫీబమ్మ. "ఆయన ఒక్కరే మోశారు కాబట్టి పెద్ద బండి కావలసొచ్చింది. మనం ఇంతమందిమి ఉన్నాం. తలా ఒక చెంబు మోస్తే ఏడిళ్లకూ నీళ్లు చేరవా? గంప చుట్టూ నిలబడి తలా ఒక చెయ్యి వేస్తే లేవదా?"

అందరం గంప చుట్టూ చేరాం. ముక్కులు, మూతులు, గిట్టలు. వెనక వరస నుంచి అయ్యగారు మెల్లగా లేచారు.

"నేనూ పట్టనా అమ్మా?"

"సభ్యులంతా పట్టాలండీ," అంది ఫీబమ్మ.

గంప లేచింది. బరువంతా నా ముక్కు మీదే పడిందన్న సంగతి నేను ఎవరికీ చెప్పుకోను. "ఇరవై రెండేళ్లలో ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేవలేదురా," అన్నారు అయ్యగారు నాతో, కళ్లు తుడుచుకుంటూ.

ఫీబమ్మ రెండే మాటల్లో దీవించింది. గమలీయేలు తన జీవితంలో మొట్టమొదటిసారి ‘ఆమెన్’ను మెలకువగా విన్నాడు. "బాగుందే ఈ మాట! ఇన్నాళ్లూ ఎక్కడుంది?" అన్నాడు. పదకొండు పిల్లలూ కిచకిచమంటూ ఫీబమ్మ వెనకే వరసకట్టి కాలవ వైపు నడిచాయి.

"అమ్మగారూ! నీళ్లలోకి మాత్రం వద్దు!" అని తబితమ్మ పరిగెత్తింది. ఆమె వెనక సంఘమంతా పరిగెత్తింది, తోకలు ఆడించుకుంటూ, ఆ వేగం పాటే పాడుకుంటూ.

ఇప్పటికీ ఆదివారం నేను తోకతో రైలుపట్టా మోగిస్తే, కాలవ అవతల తుప్పల్లోంచి ఒక దగ్గు వినిపిస్తుంది. మూడో పరక ఇంకా దిగలేదు పాపం.

వెళ్లిపోయినవారి అచ్చే కావాలని పట్టుబట్టే సంఘానికి, అచ్చు గుద్దినట్టు తయారై వచ్చేది నక్క ఒక్కటే.