వేగి పక్కకి ఒరగనన్న రోజు

ఒకప్పుడు, విద్యుత్తుకి తీగలూ స్తంభాలూ ఇంకా తెలియని కాలంలో, దాని కాపురమంతా కారుమబ్బులోనే. ఆ మబ్బు కడుపున పుట్టిన తోపుడు పిల్ల పేరు వేగి. మబ్బులోంచి రాలే విద్యుత్తు నలుసుల్ని నేల దాకా తోసుకుపోవడం ఆమె పని.

మబ్బు చుట్టూ, ఒకదాని బయట ఒకటిగా, మట్టపు చుట్లు ఉండేవి. బయటికి పోయేకొద్దీ ఒక్కో చుట్టు ఒక్కో మెట్టు దిగువ. కానీ ఒక చుట్టు మీద ఎక్కడ నిలబడ్డా విద్యుత్తు మట్టం ఒక్కటే. ఎగుడు లేదు, దిగుడు లేదు. అందుకు వాటికి మహా గర్వం.

"ఎవరైనా సరే, మా చుట్టూ తిరిగాకే దాటాలి!" ఇది పెద్దచుట్టు వలయప్ప ఆజ్ఞ. వేగి తలొంచుకుని ఏటవాలుగా తోసేది. పాపం నలుసులు పక్కలకి జారి జారి, గిరగిరా తిరిగి, ఎప్పటికో నేల చేరేవి.

ఒకనాడు నలుసవ్వ అనే ముసలి నలుసు వచ్చింది. మూడు చుట్లు దాటేసరికే ఆమెకి కళ్ళు తిరిగాయి.

"అమ్మాయీ, నేలలో నా చెల్లెలు ఎదురుచూస్తోందే. ఇలా తిప్పితే నేను దారిలోనే అరిగిపోతాను," అంది.

వేగికి ఒళ్ళు మండింది. ఉన్నచోటే ఆగి, వలయప్పకేసి తిరిగింది.

"నీ మీద అంతా ఒకే మట్టమేనా తాతా?"

"అనుమానమా? వెంట్రుకవాసి తేడా లేదు!"

"నా తోపు దిగువకే కదా పోయేది! మరైతే అవ్వ నీ మీద పక్కకి ఎందుకు జారుతోంది? జారిందంటే నీలో ఎగువా దిగువా ఉన్నట్టే కదా! నువ్వు నిజంగా మట్టమైతే నీ వెంట నాకేం పని? ఇక నీ వెంట ఇసుమంత కూడా తొయ్యను. సూటిగా దాటిపోతాను."

వలయప్ప మొహం మాడిపోయింది. "ఇంతింత మాటలా! దాటు, చూస్తాను!" అని చుట్లన్నిటినీ కేకేశాడు. అవి పరుగున వచ్చి, దగ్గరదగ్గరగా గోడకట్టినట్టు నిలబడ్డాయి.

వేగికి భయం వేసింది. అయినా వెనక్కి పోలేదు. అవ్వని ముందు పెట్టుకుని, కుడికీ ఎడమకీ ఒరగకుండా ఒక్క తోపు తోసింది.

చిత్రం! చుట్లు ఎంత ఇరుకుగా నిలబడితే వేగికి అంత బలం వచ్చింది. జానెడు చోటులో అన్ని మట్టాలు దిగాలి మరి! అవ్వ రివ్వున దూసుకుపోయి చెల్లెలి పక్కన వాలింది.

"ఇంకా దగ్గరికి జరగండి, ఇంకా గట్టిగా తోస్తాను!" అంది వేగి.

అప్పటినుంచే విద్యుత్తు తోపు ఏ మట్టపు చుట్టునైనా వడ్రంగి మూలమట్టం పెట్టి గీసినట్టు సరిగ్గా అడ్డంగానే దాటుతుంది. చుట్టు వెంట పోయే నలుసుని ముందుకు తోసేవాళ్ళూ లేరు, వెనక్కి లాగేవాళ్ళూ లేరు. చుట్లు దగ్గరపడ్డ చోట మాత్రం వేగి బలం ఈనాటికీ ఎక్కువే.