గంట దూరంలో హైదరాబాద్

బొడ్డపాటి వారింట్లో తెలివికి కరువు లేదు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, వాళ్ళే అంటారు. పొద్దున లేస్తే సన్యాసిరావు "మన బుర్రలు మామూలు బుర్రలు కావు" అనడం, భార్య వరహాలు తలూపడం, తమ్ముడు సూరన్న కాఫీ తాగుతూ ఔననడం. రోజూ ఇదే వరస.

ఆ ఇంటి పిల్ల కుసుమ హైదరాబాద్‌లో కాపురం ఉంటోంది. ఇప్పుడు వేవిళ్ళు. ఏం తిన్నా ఇమడటం లేదు. "అమ్మ చేసే ఆవ పెట్టిన పనసపొట్టు కూరైతే తింటాను" అని ఫోన్లో ఒకటే ఏడుపు. పాపం, వింటే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది.

"తెద్దామంటే దూరం కదయ్యా" అన్నాడు సన్యాసిరావు అల్లుడితో.

"దూరమేముంది మావయ్యగారూ, విమానంలో గంటే. ఆకుపచ్చ గేటున్న ఇల్లే మాది."

ఇంకేముంది. మర్నాడు పొద్దున్నే వరహాలు కూర వండి క్యారేజీలో సర్దేసింది. విమానం ఎక్కాలంటే విశాఖపట్నం వెళ్ళాలి. బస్సులో మూడు గంటలు. సరిగ్గా అప్పుడే సూరన్న బుర్ర పనిచేసింది, మన ఖర్మ.

"అన్నయ్యా, విశాఖపట్నం మూడు గంటలు, హైదరాబాద్ గంట. దగ్గరూరికి వెళ్ళడానికి ముందు దూరపూరు వెళ్ళడమేంటి?"

"మరి విమానం?" అంది వరహాలు.

"గంట దూరానికి విమానమెందుకు వదినా? నడిస్తే పోలా. దానికైనా మనకైనా గంట గంటేగా."

సన్యాసిరావు తమ్ముణ్ణి చూసి మురిసిపోయాడు. అంతే. ఇంటికి తాళం పడింది, ముగ్గురూ నడక మొదలెట్టారు. సరిగ్గా గంట తిరిగేసరికి ఎదురుగా ఊరొచ్చింది.

"హైదరాబాద్ ఇంతేనా? మన పక్కూరు గుల్లపాడులానే ఉంది" అని మూతి విరిచింది వరహాలు. గుల్లపాడులానే ఏంటి, అది గుల్లపాడే.

రోజూ వాళ్ళింట్లో పాలు పోసే అప్పన్న ఎదురయ్యాడు.

"నువ్వెప్పుడొచ్చావురా ఇక్కడికి?" అన్నాడు సన్యాసిరావు.

"నేనుండేది ఇక్కడే కద బాబూ."

"విన్నారా," అన్నాడు సన్యాసిరావు మిగతా ఇద్దరితో, "వీడు రోజూ హైదరాబాద్ నుంచే మనకి పాలు తెస్తున్నాడు."

ఇంకో సందు తిరిగితే ఆకుపచ్చ గేటు. ఇంటికి తాళం. అమ్మాయి డాక్టరు దగ్గరికి వెళ్ళుంటుందనుకున్నారు. సూరన్న క్యారేజీకి తువ్వాలు కట్టి, తెరిచున్న కిటికీలోంచి గదిలోకి దించేశాడు. హమ్మయ్య అనుకునేలోపు ఫోను మోగింది.

"నాన్నా, ఉండబట్టలేక తొలి విమానానికి వచ్చేశాను. మనింటికి తాళముందేంటి?"

"అరుగు మీద కూర్చో తల్లీ, గంటలో వస్తాం" అన్నాడు సన్యాసిరావు. వచ్చారు కూడా. ఇంక వాళ్ళ తెలివిని కాదనేవాడెవడు?

కుసుమ మొహం పీక్కుపోయి ఉంది. "కూరేదమ్మా?" అంది.

"మీ ఇంట్లో పెట్టొచ్చాం కదే, హైదరాబాద్‌లో" అంది వరహాలు. గంటలో నడిచి వెళ్ళిన సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

పట్నంలో కాపురం చేస్తున్న పిల్ల, ఇప్పుడే విమానం దిగొచ్చిన పిల్ల. ఇదైనా తల బాదుకుంటుందని మీరూ నేనూ ఆశపడతాం. కుసుమ కళ్ళు తుడుచుకుంది.

"ఇంత దగ్గరని ఆయన నాకు చెప్పనేలేదు" అంటూ చేతిసంచి తెరిచింది. "బాబాయ్, పరిగెత్తుకెళ్ళి ఆ కూర తెచ్చి పెట్టవూ? తలుపు తాళం వేసొచ్చాను. ఇదిగో, తాళంచెవి."