ఓబులేసు తవ్వేసిన పాదులు

అనగనగా ఒక ఎర్రమట్టి అడవి ఉండేది, పిల్లలూ. వాన పడిన ఏడు అందరి కడుపూ నింపేది. పడని ఏడు ఎవరినీ కనికరించేది కాదు.

ఆ అడవిలో ఓబులేసు అనే ముళ్ళపంది ఉండేవాడు. అతని భార్య పేరు సుంకులమ్మ. వాళ్ళకి ఒక్కతే కూతురు, చంద్రి. దాని వీపు మీద ముళ్ళు ఇంకా మెత్తగానే ఉండేవి.

ఓబులేసు సోమరి కాదు. రోజుకి పది గడ్డలు తవ్వుకొచ్చేవాడు. ముగ్గురికీ ఆరు చాలు. మిగతా నాలుగు ఏమయ్యేవి? దారిలో ఒకటి కొరికేవాడు, స్నేహితులకి రెండు పంచేవాడు, ఒకటి ఎండలో పడి కుళ్ళిపోయేది. తెల్లారితే మళ్ళీ ఖాళీ బొరియే.

అతని అక్క మద్దమ్మ వాగుకి అవతల ఉండేది. మొగుడు పోయాడు, ఇద్దరు పిల్లలు. రోజుకి ఎనిమిది గడ్డలే తవ్వగలిగేది. అయినా ఆమె బొరియలో గడ్డలు లేని రోజు లేదు. తినడానికి ఎన్ని కావాలో ముందే చూసుకునేది. మిగిలినవాటిలో కొన్ని పొడి ఇసకలో దాచేది. కొన్నిటిని మొలక వచ్చే చోట ముక్క కోసి మట్టిలో పాతేది. ఒక ముక్క పాతితే చలికాలానికి నాలుగైదు గడ్డలు ఊరేవి.

ఇలా ఉండగా రేగుపొదల దగ్గర బొజ్జయ్య అనే పందికొక్కు ఒక పందెం మొదలుపెట్టాడు. ఇరవై జంతువులు తలా పది గడ్డలు పెట్టాలి. ఒక్కొక్కరికి ఒక్కో రకం ఆకు. ఆ ఆకులన్నీ గుంటలో వేసి, కళ్ళు మూసుకుని ఒకటి తీస్తాడు. ఎవరి ఆకు వస్తే వాళ్ళకి యాభై గడ్డలు.

ఓబులేసు మొదటిసారి ఆడాడు. అతని ఆకే వచ్చింది!

యాభై గడ్డలు దొర్లించుకుంటూ అక్క దగ్గరికి పోయాడు. "చూశావా అక్కా? నువ్వు నెలంతా దాచేది నాకు ఒక్క పూటలో వచ్చింది."

మద్దమ్మ సంతోషించింది. కానీ కాసేపు ఆలోచించి, గులకరాళ్ళు తెచ్చి నేల మీద పరిచింది.

"ఇరవై మంది పది చొప్పున పెడితే ఎన్నిరా?"

"రెండు వందలు."

"నీకు వచ్చినవి?"

"యాభై."

"మిగతా నూట యాభై ఎవరి బొరియలో ఉన్నాయి?"

ఆమె మెల్లగా అంది. "బొజ్జయ్య మోసం చెయ్యడం లేదు, నాయనా. చెయ్యాల్సిన పని కూడా లేదు. మీరంతా ఆడుతూ ఉంటే చాలు, వాడి ఇల్లు నిండుతుంది. ఈ యాభైలో ముప్పై పాతుకో. ఎలా పాతాలో నేను నేర్పిస్తా."

"రాళ్ళతో ఆడుకునే వయసా నాది?" అని నవ్వేసి వెళ్ళిపోయాడు ఓబులేసు.

సుంకులమ్మ మాత్రం వాగు దాటి వచ్చి, "నాకు నేర్పు వదినా" అంది. మొదటి వాన పడగానే ముప్పై పాదులు తీసి, గెలిచిన గడ్డల్లోంచి కోసిన ముప్పై ముక్కలు పాతింది. చంద్రి రోజూ పొద్దున్నే వెళ్ళి ఏ పాదులో మొలక వచ్చిందో చూసొచ్చేది. ముప్పైలో ఒక్కటీ తప్పిపోకుండా మొలిచాయి.

ఓబులేసు ఆడుతూనే ఉన్నాడు. రెండోసారి ఓడాడు. మూడోసారి ఓడాడు. ఓడిన ప్రతిసారీ, "ఇన్నిసార్లు పోయింది కాబట్టి ఈసారి నాదే" అనుకునేవాడు. ఆకులకి ఆ సంగతి తెలియదు కదా, పిల్లలూ. గెలుచుకున్న యాభైలో మిగిలినవి పోయాయి. రోజూ తవ్వినవి పోయాయి. పైగా ఆ ఏడు నడివానలు మొహం చాటేశాయి. నేల గట్టిపడింది. పది తవ్వే చోట మూడు దొరికితే గొప్ప.

అప్పుడు అతని కళ్ళు పాదుల మీద పడ్డాయి.

సుంకులమ్మ అడ్డం నిలబడింది. "వేలెడంత కూడా ఊరలేదయ్యా. ఇంకో మూడు నెలలు ఆగితే నూట యాభై అవుతాయి. వేసవి గడవడానికి మనకి ఇదే ఆధారం."

"మూడు నెలలు ఎవడు ఆగుతాడు? గెలిస్తే ఈ సాయంత్రమే యాభై."

"గెలవకపోతే?"

ఓబులేసు ముప్పై పాదులూ తవ్వేశాడు. చంద్రి పక్కనే నిలబడి చూసింది. అన్నీ పీకితే చిటికెన వేలంత గడ్డలు అరవై వచ్చాయి. బొజ్జయ్య వాటిని చూసి, "చిన్నవి. రెండింటికి ఒకటి లెక్క" అన్నాడు. ముప్పై గడ్డలకి మూడు ఆకులు. మూడు ఆకులున్నాయి, ఇక ఎక్కడికి పోతుంది అనుకున్నాడు ఓబులేసు.

బొజ్జయ్య తీసిన ఆకు ఒక కుందేలుది.

వేసవి వచ్చింది. బొరియలో ఎండు వేళ్ళు తప్ప ఏమీ లేవు. ఓబులేసు బొజ్జయ్య దగ్గరికి వెళ్ళాడు. "నా దగ్గర ఎన్ని తీసుకున్నావు! బిడ్డ కోసం పది ఇవ్వు."

"గెలిచిన నాడు నాకు వాటా పెట్టావా?" అన్నాడు బొజ్జయ్య. "ఓడిన నాడు ఎలా అడుగుతావు?"

అతను గట్టిగా కూడా అనలేదు. బొరియలోకి వెళ్ళిపోయాడంతే.

"వదిన దగ్గరికి పోదాం" అంది సుంకులమ్మ.

"నన్ను అక్క ముందు తల దించుకోమంటావా? రెండు రోజులు చూద్దాం."

రెండు రోజులు నాలుగయ్యాయి. నాలుగు తొమ్మిదయ్యాయి. పదో రోజు చంద్రి లేవలేకపోయింది. సుంకులమ్మ మొగుడిని అడగలేదు. ఎండిన వాగు దాటి పరుగెత్తింది. మద్దమ్మ ఇసకలోంచి గడ్డలు తీసి, ఇద్దరు పిల్లలనీ ఇంట్లో వదిలి వచ్చింది. గడ్డ నమిలి మెత్తగా చేసి చంద్రి నోట్లో పెట్టింది. అది మింగలేకపోయింది. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

ఓబులేసు ఏడుస్తూ, "నా రాత బాగాలేదక్కా" అన్నాడు.

మద్దమ్మ అంది. "నాలుగు రోజుల ముందు చెప్పి ఉంటే సరిపోయేదిరా."

తెచ్చిన గడ్డలు వాళ్ళిద్దరికీ వదిలి వెళ్ళిపోయింది.

మళ్ళీ వాన పడ్డాక ఓబులేసు వాగు దాటి వెళ్ళి, అక్క కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఎంత తినాలో, ఎంత దాచాలో, ఎంత పాతాలో ఒక్కొక్కటీ నేర్చుకున్నాడు. అదేమంత కష్టమైన విద్య కాదు. నాలుగు రోజుల్లో వచ్చేసింది. అంత తేలిగ్గా వచ్చినందుకే అతనికి దుఃఖం ఆగలేదు.

ఆ ఏడు పంట బాగా ఊరింది. సుంకులమ్మ గడ్డలు తవ్వి, అలవాటుగా మూడు వాటాలు వేసింది. మూడో వాటా దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. ఓబులేసు దాన్ని తీసుకుని, ఇసకలో దాచాడు.

నీతి: అదృష్టం ఒకసారి వచ్చి పోతుంది, ఉన్నదాన్ని లెక్కగా తిని, కొంత దాచి, కొంత పెంచడం తెలిసినవారే కరువు దాటుతారు. ఆ తెలివి అడిగి నేర్చుకోవడానికి సిగ్గుపడకూడదు, ఆలస్యం అసలే చెయ్యకూడదు.