అభేద్యం అడుగున

ఏరు వచ్చి సముద్రంలో కలిసే చోట ఒకానొక కాలంలో సింహలంక అనే చిన్న రాజ్యం ఉండేది. దాన్ని రణధీరవర్మ ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. కాకపోతే పొగడ్త అంటే చెవి కోసుకునే రకం. ఆయన మీసం మెలేస్తే సముద్రం వెనక్కి తగ్గిందని ఎవరో అంటే, నిజమా కాదా అని చూడటానికి ఒడ్డుకు వెళ్లి మీసం మెలేసినవాడు.

ఆ రాజుగారికి ఒక విహార నౌక ఉండేది. దానికి "అభేద్యం" అని పేరు పెట్టుకున్నాడు. నీటి బొట్టు కూడా దూరలేని నౌక అని దేశమంతా చాటింపు వేయించాడు.

చెక్క పడవ అన్నాక నీరు ఊరక మానదు. పలకల సందుల్లో ఎంత కొబ్బరి పీచు కూరి, ఎంత గుగ్గిలం పూసినా, చెమ్మ లోపలికి వస్తూనే ఉంటుంది. అభేద్యంలోకీ వచ్చేది. కానీ ఆ మాట అనకూడదు. "రాజుగారి నౌకలో నీళ్లున్నాయన్నవాడి నాలుక తెగుతుంది" అని మంత్రి త్రిలోచనుడు ఉత్తర్వు వేశాడు. అందుకని రాజుగారు విహారానికి బయలుదేరినప్పుడల్లా ఇద్దరు జాలరులను నౌక అడుగున దించి, పైన పలక మూసి, పలక మీద తివాచీ పరిచేవారు. ఆ చీకట్లో, ఆ ఉక్కలో వాళ్లు తోలు బాల్చీలతో నీళ్లు తోడి, వెనకవైపు చిన్న కంతలోంచి బయటికి పోసేవారు. అలికిడి కాకూడదు. పైన పాట కచేరీ జరుగుతూ ఉండేది.

అలా తోడేవాళ్లలో కొర్లయ్య ఒకడు. తివాచీ మీద నిలబడి రాజుగారిని నవ్వించే ఆస్థాన విదూషకుడు పైడన్న అతని సొంత తమ్ముడు.

తండ్రి చిన్ననాడే పోతే కొర్లయ్యే తమ్ముణ్ణి పెంచాడు. వల లాగడం చేతగాని తమ్ముడు మాటల్లో మాత్రం గట్టివాడని కనిపెట్టి, తన భుజాల మీద ఎక్కించుకుని కోట దాకా మోసుకెళ్లాడు. పైడన్న కోటలో కుదురుకున్నాడు. కొర్లయ్య పడవ అడుగునే ఉండిపోయాడు.

కొర్లయ్య ఊరికే నీళ్లు తోడే మనిషి కాడు. వసంతోత్సవంలో పిల్లలు రంగునీళ్లు చిమ్ముకునే చిమ్మనగ్రోవి చూసి అతనికో ఆలోచన వచ్చింది. అలాంటిదే పెద్దది, లావుపాటి వెదురుతో చేస్తే, మనిషి అడుగుకు దిగకుండా పైన గాలిలో నిలబడే నీళ్లు తోడేయవచ్చు గదా అని. ఇంటి వెనక కూచుని వెదురు చీల్చాడు, తోలు కత్తిరించాడు. భార్య నూకాలు పక్కన కూచుని నవ్వేది, "పెద్దోడివై చిమ్మనగ్రోవులతో ఆటలా" అని.

"పనైతే చేస్తాను గానీ, దాన్ని నౌకలో పెట్టనివ్వాలి గదరా," అన్నాడు కొర్లయ్య ఒకనాడు తమ్ముడితో. "రాజుగారు నీ మాట వింటారు. ఒక్కసారి చెప్పి చూడు."

"చెబుతానన్నా. ఆయన మంచి సరదాలో ఉన్నప్పుడు చూసి చెబుతాను," అన్నాడు పైడన్న.

రాజుగారు సరదాలో ఉన్న రోజులు ఎన్నో వచ్చాయి. పైడన్న చెప్పలేదు. నాలుక తెగుతుందన్న భయం కొంత, ఇవాళ కాకపోతే రేపు అన్న బద్ధకం కొంత.

ఆ యేడు ఎండలు ముదిరిపోయాయి. అభేద్యం వేసవంతా ఒడ్డున ఉండి, పలకలు ఎండి, సందులు విచ్చుకున్నాయి. కొన్నాళ్లు నీళ్లలో ఉంచితే చెక్క నాని ఉబ్బి సందులు వాటంతటవే మూసుకుంటాయని కొర్లయ్య నౌక నడిపే సరంగుతో అన్నాడు. సరంగు ఆ మాట మంత్రి దాకా తీసుకెళ్లలేకపోయాడు. నీళ్లు దూరని నౌకకు సందులెక్కడివి? పున్నమి నాటి మధ్యాహ్నం రాజుగారు విహారానికి బయలుదేరనే బయలుదేరారు. కొర్లయ్యకు తోడుగా దిగాల్సినవాడు జ్వరంతో పడుకున్నాడు. కొర్లయ్య ఒక్కడే దిగాడు.

పైన కచేరీ రంజుగా ఉంది. పైడన్న ఏదో కథ చెబుతున్నాడు. ఇంతలో అతని కాళ్ల కింద దబదబమని చప్పుడైంది. సభ అంతా అటు చూసింది. మంత్రి ముఖం పాలిపోయింది.

బాల్చీ తగిలి ఉంటుంది అనుకున్నాడు పైడన్న. అన్నను కాపాడాలనే అనుకుని, చటుక్కున చేతులు జోడించాడు.

"ప్రభూ! వరుణదేవుడు కింద తలుపు తడుతున్నాడు. తమ దర్శనం కావాలట!"

"రేపు రమ్మను!" అన్నాడు రాజు. నౌకంతా గొల్లుమంది. ఆ నవ్వులో కింది చప్పుడు మళ్లీ అయిందో లేదో ఎవరికీ వినబడలేదు.

సాయంకాలం ఒడ్డుకు చేరి పలక తీసేసరికి కొర్లయ్య నీళ్లలో బోర్లా పడి ఉన్నాడు, ప్రాణం లేదు. ఉక్కకు సొమ్మసిల్లి ఉంటాడు. నీళ్లు మోకాటి లోతు కూడా లేవు.

పైడన్న మంత్రి దగ్గరికి పరుగెత్తాడు. "అయ్యా, మా అన్న నీళ్లలో మునిగి పోయాడు. ఇకమీదటైనా మనుషులను కింద వేసి మూయకండి."

త్రిలోచనుడు తాంబూలం నములుతూ అన్నాడు. "రాజుగారి నౌకలో నీళ్లు లేవు. లేని నీళ్లలో మునిగి ఎవడైనా చస్తాడా? మీ అన్న వడదెబ్బకు పోయాడు. వెళ్లు."

కర్మకాండ ముగిసిన నాడు పైడన్న వదిన ముందు కూలబడ్డాడు. చప్పుడైన సంగతీ, తాను అన్న మాటా, అందరూ నవ్వడమూ అంతా చెప్పేశాడు. ఆమె తిడుతుందనుకున్నాడు, తిట్టలేదు. లేచి వెళ్లి, పెరట్లోంచి మొగుడు సగం చేసి వదిలేసిన వెదురు గొట్టాలు తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఏడుపు నాకూ వస్తోంది మరిదీ. ఏడిస్తే ఇది పూర్తవుతుందా?"

ఇద్దరూ మొదలుపెట్టారు. ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీతో వెదురు కణుపులు పొడిచి గొట్టం బోలు చేశారు. అడుగున ఒక తోలు రెక్క కుట్టారు. గొట్టంలో దూర్చిన కర్ర పైకి లాగితే రెక్క తెరుచుకుని నీరు లోపలికి రావాలి, కిందికి నొక్కితే మూసుకోవాలి. ఆ నీరు పక్క గొట్టంలోకి ఎగదన్నాలి. అనుకున్నంత తేలిగ్గా కాలేదు. తోలు ఎండి బిర్రబిగుసుకుపోయేది. చేపనూనెలో నానబెడితే మెత్తబడింది. వెదురు చీలిపోయింది. కొబ్బరి తాడు బిగించి చుట్టి గుగ్గిలం పోశారు. పీచూ చెత్తా అడ్డుపడుతుంటే నూకాలు గొట్టం మొదటికి చిన్న బుట్ట అల్లి కట్టింది. చివరికి అలాంటి గొట్టాలు రెండు చేసి, ఏతాం బద్దలా ఒక అడ్డకర్రకు చెరోపక్క కట్టారు. ఒకటి లేస్తే ఒకటి దిగేది.

మొదటిసారి గొట్టంలోంచి నీళ్లు చిమ్మిన రోజున నూకాలు కొంగు నోట్లో కుక్కుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది. పైడన్న ఆ పొద్దంతా కర్ర పైకీ కిందికీ ఆడిస్తూనే కూచున్నాడు.

కొలువులో అతను నవ్వించడం మానేశాడు. రాజుకు విసుగెత్తింది.

"ఓరీ పైడన్నా! నీ మాటలకు తుప్పు పట్టిందా? దసరాకు పొరుగు రాజు సోమదేవుడు వస్తున్నాడు. ఆయన ముక్కు మీద వేలేసుకునేలా ఏదైనా చెయ్యి. చేతకాకపోతే మూటాముల్లె సర్దుకో."

"చేస్తాను ప్రభూ. తమ నౌక నడిబొడ్డున గంగను పుట్టిస్తాను. అయితే ఒక్క వరం కావాలి. ఆ రోజు నేను ఏం చెప్పినా నాలుక తీయించకూడదు."

నౌకలో గంగ అనేసరికి రాజు పొంగిపోయాడు. "అభయమిచ్చాం, పో!"

దసరా నాడు అభేద్యం ఏట్లోకి కదిలింది. సింహాసనం ఎదుట చెక్కతో చేసిన ఏనుగు తల, దాని కింద రాగి పళ్లెం. వెనకవైపు తెర చాటున, ఆరుబయట గాలిలో ఇద్దరు జాలరులు అడ్డకర్ర పట్టుకుని నిలబడ్డారు. అడుగుకు ఎవరూ దిగలేదు. పైడన్న చెయ్యి ఊపాడు. ఏనుగు తొండంలోంచి నీళ్లు బుస్సున ఎగజిమ్మి, గొడుగులా విచ్చుకుని, పళ్లెంలో పడి, కాలువ వెంట తిరిగి ఏట్లోకి జారిపోయాయి.

"ఆహా!" అన్నాడు సోమదేవుడు. "ఒక్క కుండ నీళ్లు మోసుకొచ్చిన జాడ లేదు. ఈ నీళ్లు ఎక్కడివి మహారాజా?"

రణధీరవర్మ మీసం మెలేశాడు. "మా నౌక మహిమ అలాంటిది. తలుచుకుంటే గంగ పుడుతుంది."

ఆ మాట నోట్లో ఉండగానే ధార సన్నబడింది. తొండం గురగురమంది. ఆగిపోయింది.

రాజు ముఖం జేవురించింది. "పైడన్నా! గంగ ఎందుకు ఆగింది?"

"ప్రభూ, అయిపోయింది. మళ్లీ ఊరేదాకా ఆగాలి. ధార ఆగకూడదంటే అడుగున ఇంకో నాలుగు చిల్లులు పొడిపించండి."

"చిల్లులా? నా నౌకలో నీళ్లున్నాయంటావా?"

మంత్రి గబగబా లేచాడు.

"లేవు ప్రభూ," అన్నాడు పైడన్న. "ఉండనివ్వడం లేదు గదా! ఇన్నాళ్లూ ఈ నౌక పేరు ఒక్కటే అభేద్యం. అడుగు పొడిగా ఉన్నది ఈ పూటే."

అప్పుడు సోమదేవుడు పకపకా నవ్వాడు. "మహారాజా, మా నౌకా కారుతుంది! మేమూ తివాచీలు పరిచి దాస్తాం. మీరే నయం, కారిన నీటినే సొగసు చేసి చూపించారు!"

అతిథి నవ్వేసరికి రణధీరవర్మకు తెరిపి కలిగింది. ముందు మీసం కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆఖరికి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఉండనివ్వడం లేదట! భేష్‌రా పైడన్నా!" అంటూ మెడలోని ముత్యాల హారం తీసి అతని మెడలో వేశాడు. "ఈ యంత్రం ఎవరిది? నీ చేతులు కట్టె పట్టి ఎరగవే. చేసినవాణ్ణి పిలిపించు, వాడికీ బహుమానం ఇస్తాం."

పైడన్న పలక మీది తివాచీ వైపు చూశాడు.

"మా అన్న ప్రభూ, కొర్లయ్య. పిలిస్తే రాలేడు. వేసవి చివర పున్నమినాడు ఈ పలక కిందే పోయాడు. ఆ రోజు చప్పుడైంది, తమకు గుర్తుందా? వరుణదేవుడు తలుపు తడుతున్నాడని నేనన్నాను. రేపు రమ్మనమని తమరు అన్నారు. తట్టింది మా అన్న."

రాజు ముఖంలో నవ్వు ఇంకా ఉంది. దాన్ని ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. మెల్లగా అది ఇంకిపోయింది. సింహాసనం దిగి వచ్చి, తివాచీ అంచు తన చేత్తో తనే పట్టి లాగాడు. సేవకులు పలక ఎత్తారు. ఆయన వంగి ఆ చీకట్లోకి చూశాడు. తన నౌక అడుగు ఆయన చూడటం అదే మొదలు.

"ఇందులోకి మనిషిని దించి మూశారా?"

మంత్రి రెండడుగులు వెనక్కి వేశాడు.

"మూయించింది మా చాటింపే కదా," అన్నాడు రాజు తనలో తాను అనుకున్నట్టు. తర్వాత పైడన్న వైపు తిరిగాడు.

"ఏం కావాలో కోరుకో."

"సింహలంకలో మనుషులెక్కే ప్రతి పడవకూ ఈ గొట్టాలు పెట్టించండి. కింద మనిషి ఉండగా పలక మూయకుండా ఉత్తర్వు వేయించండి. అంతే ప్రభూ."

"నీకేం వద్దా?"

"నేను అడగాల్సింది ముందే అడిగి ఉండాల్సింది ప్రభూ. ఇప్పుడు నాకని అడగడానికి ఏమీ మిగల్లేదు."

ఉత్తర్వు ఆ సాయంకాలమే చాటించారు. వెదురు, తోలు, గుగ్గిలం కోట నుంచే ఇచ్చారు. యంత్రాన్ని తనతో కలిసి పూర్తి చేసింది వదినేనని పైడన్న చెప్పడంతో, రేవులో వడ్రంగులకు ఆ పని నేర్పే బాధ్యత రాజు నూకాలుకు అప్పగించాడు.

ఆ రోజు నౌక ఒడ్డుకు చేరేసరికి ఆమె రేవులో నిలబడి ఉంది. పైడన్న హారం తీసి ఆమె చేతుల్లో పెట్టబోయాడు. ఆమె అందుకోలేదు.

"ఆ చోటు ఒకసారి చూడనిస్తారా?" అంది.

సరంగు పక్కకు తొలగాడు. నూకాలు తెరిచి ఉన్న పలక లోంచి నౌక అడుగుకు దిగింది. పైడన్న అంచున కూచుని ఆమె వైపే చూస్తున్నాడు. ఆమె ఒక మూల నుంచి ఇంకో మూలకు నడిచింది. తల పైకెత్తడానికి వీల్లేనంత తక్కువ ఎత్తు అది. ఆ వంగిన నడుముతోనే కాసేపు నిలబడి, తర్వాత చతికిలబడి, అడుగు చెక్కల మీద అరచేతులు రెండూ ఆనించింది.

"పొడిగా ఉంది మరిదీ," అంది.

పైడన్న పలక అంచు పట్టుకుని ముందుకు వంగాడు.

ఆమె చెక్కల మీద చేతులు అలాగే ఉంచి ఏడ్చింది. మొగుడు పోయిన నాటి నుంచి ఎవరి ముందూ ఏడవని మనిషి, వెక్కి వెక్కి ఏడ్చింది. పైడన్న దిగి వెళ్లి పక్కన కూచున్నాడు. పైన పలక తెరిచే ఉంది. పొద్దు వాలే వెలుగు వాళ్ల ముందు చెక్కల మీద పడి, నెమ్మదిగా జరిగి పోయింది.

కడకు నూకాలు కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

"పద. పొద్దున్నుంచీ ఏమీ తిని ఉండవు," అంది.