కబ్రెరీసా వారి దాయాది

రాజు సింగప్ప నాయకుడికి ఆ ఏడు ఇంటిపేర్ల పిచ్చి పట్టింది. అంతకు ముందేడు పావురాల పిచ్చి. పావురాలు ఎవరికీ హాని చెయ్యలేదు.

ఈ పిచ్చికి ఎరువు వేసినవాడు వంశావళులు చెప్పే కిరీటాల సర్వేశ్వరయ్య. ఎవరి ఇంటిపేరు చెప్పినా దాని వెనక ఒక యుద్ధాన్నీ, ఒక ఏనుగునూ, ఒక రాజకన్యనూ చూపించేవాడు. పట్టుశాలువ తెచ్చినవాడికి ఇద్దరు రాజకన్యలు. ఏమీ తేనివాడి తాత వంటవాడు. సభలో సగం మంది శాలువలు పట్టుకుని ఆయన గుమ్మం ఎక్కారు. అసలు ఆయన తాతకైనా కిరీటాల అనే ఇంటిపేరు ఉండేదా అని అడిగినవాడు లేడు.

ఏమీ తేనివాడు సభలో ఒక్కడే, మేకల బొల్లన్న. రాజుకు ఎడమ పక్కన కూర్చుని, ఆయనకు విసుగు పుట్టినప్పుడల్లా నవ్వించడం అతని కొలువు.

"ప్రభూ, ఇంటిపేరు గొప్పను బట్టి ఆసనాలు వెయ్యాలి," అన్నాడు సర్వేశ్వరయ్య ఒకనాడు. "మేకల వాళ్లు తమ పక్కన కూర్చోవడమేమిటి? గుమ్మం బయట చోటుంది. గాలి కూడా బాగా వస్తుంది."

సభ నవ్వింది. శాలువలు ఇచ్చినవాళ్లు ఇంకాస్త గట్టిగా నవ్వారు.

రాజు ఆలోచనలో పడ్డాడు. సరిగ్గా అప్పుడే గుర్రాల వర్తకుడు లోపలికి వచ్చాడు. స్పెయిను దేశస్థుడు, పేరు డియేగో కబ్రెరీసా. ఏళ్ల తరబడి మన రేవుల్లో బేరాలాడి తెలుగు నేర్చాడు. చేతికి నల్లగుడ్డ కట్టుకుని ఉన్నాడు. అదెందుకని ఎవరూ అడగలేదు. అందరి చూపూ బయట కట్టిన గుర్రాల మీదే.

రాజు చూపు మాత్రం పేరు మీద పడింది. "కబ్రెరీసా! అది ఇంటిపేరా?"

"అవును ప్రభూ. మా దేశంలోనే చాలా అరుదు. మా ఊళ్లో మా ఇల్లొక్కటే. పక్క ఊరివాళ్లు కూడా రెండోసారి చెప్పించుకుంటారు."

"అర్థమేమిటి?"

వర్తకుడు నోరు తెరవబోయాడు. రాజు చెయ్యెత్తి ఆపాడు.

"చెప్పకు! మా సభ చెబుతుంది. ఈ పేరు ఎక్కడ పుట్టింది, అర్థమేమిటి, ఎందుకింత అరుదు? చెప్పినవాడికి ఏటి ఒడ్డు మాన్యం ఇప్పుడే ధారపోస్తాను. సర్వేశ్వరయ్యా, నువ్వు గెలిచావంటే ఆసనాల వరస కూడా నీ ఇష్టం."

బొల్లన్న తన ఆసనం వంక ఒకసారి చూసుకున్నాడు.

సర్వేశ్వరయ్య కళ్లు మూసుకున్నాడు. ఏటి ఒడ్డు మాన్యం ఎంత పెద్దదో గుర్తు చేసుకోవడానికి పట్టినంతసేపు మూసుకుని, తెరిచాడు.

"ప్రభూ, ఇది మా పేరే! మా ముత్తాత తండ్రి తమ్ముడు ఏనుగులతో ఓడెక్కి, సముద్రం దాటి, ఆ దేశపు రాజకన్యను పెళ్లాడాడు. కిరీటాల అన్న పేరు అక్కడి ఉప్పుగాలికి అరిగి అరిగి కబ్రెరీసా అయింది. అర్థం కిరీటమే. కిరీటాలు పెట్టుకునేవాళ్లు వీధికి పదిమంది ఉండరు కదా, అందుకే అరుదు!"

వర్తకుడు నోరు తెరిచాడు. రాజాజ్ఞ గుర్తొచ్చి మూశాడు.

"భేష్!" అని రాజు ధార పోయడానికి వెండి చెంబు తెప్పించాడు.

బొల్లన్న లేచాడు. "అయ్యగారూ, చిన్న సందేహం. అయితే ఈయన మీకు దాయాదేనా?"

"సందేహమేమిటి? స్వయానా దాయాది!"

"దూరపు వరసేమో?"

"దూరమా! ఏడు తరాల లోపే. ఒకే రక్తం. మేకల వాళ్లకు ఇలాంటివి తెలియవులే, కూర్చో."

"కూర్చుంటాను." బొల్లన్న వర్తకుడి వైపు తిరిగాడు. "అయ్యా, చేతికి ఆ నల్లగుడ్డ ఎందుకు?"

డియేగో తల దించుకున్నాడు. "మా అన్న కోసం. నాతోపాటే వచ్చాడు. మొన్న విడిదిలో జ్వరంతో పోయాడు. మా దేశంలో ఇలా నలుపు కడతాం."

బొల్లన్న అతనికి చేతులు జోడించాడు. తర్వాత చెంబు పట్టుకున్న సేవకుణ్ని పిలిచాడు.

"చెంబు వెనక్కి తీసుకుపో. సర్వేశ్వరయ్య గారు మైలలో ఉన్నారు. పది రోజులూ గడిచేదాకా ఆ చేతిలో ధార పోయకూడదు."

సర్వేశ్వరయ్య పక్కనున్న శాలువల వాళ్లు పంచెలు దగ్గరికి లాక్కుని ఒక్కసారిగా జరిగారు. రాజు తల మీది అక్షతలు దులుపుకున్నాడు. పొద్దున వేసినవి ఆ చేతులే.

"మైలతో వచ్చి నన్ను దీవించావా?"

"ప్రభూ, నాకు తెలియదు!"

"ఇప్పుడు తెలిసిందిగా," అన్నాడు బొల్లన్న. "ముందు బయటికి నడవండి. పదోనాడు ఆ మీసం కూడా తీయించాలి. పోయినవాడు ఒకే రక్తం."

సర్వేశ్వరయ్య మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. చెంబు గుమ్మం దాకా వెళ్లిపోయింది.

"ఆగండి! ఈయన నాకేమీ కాడు! ఓడా లేదు, రాజకన్యా లేదు, అంతా నేను అల్లిందే!"

అన్నాక గాని ఏమన్నాడో ఆయనకు అర్థం కాలేదు.

"అయితే మా వాళ్లందరికీ ఇచ్చిన ఏనుగులు?" అన్నాడు రాజు మెల్లగా.

సర్వేశ్వరయ్య కన్నా ముందే శాలువలు ఇచ్చినవాళ్లు తలలు దించుకున్నారు.

రాజు వర్తకుడికి సైగ చేశాడు. "నువ్వే చెప్పవయ్యా."

"మేకల కాపరుల పాక, ప్రభూ. అంతే అర్థం. మా పెద్దలు కొండ మీద అలాంటి పాక దగ్గర నుంచి దిగి వచ్చారట. ఊరు ఆ పేరుతోనే పిలిచింది. అక్కడ మేకలు ఎక్కువ, మనుషులు తక్కువ. అందుకే అరుదు."

రాజు పగలబడి నవ్వాడు. "మేకలా! బొల్లన్నా, అయితే ఈయన నీ దాయాదేనయ్యా. ఇప్పుడు మైల నీకు పట్టింది!"

బొల్లన్న రెండు చేతులూ దోసిలి పట్టాడు.

"మా మేకలూ వాళ్ల మేకలూ విడిపోయి వంద తరాలైంది ప్రభూ. మైల అంటదు, మాన్యం అందుతుంది!"

నల్లగుడ్డ కట్టుకున్న డియేగో కూడా నవ్వాడు. రాజు చెంబు వెనక్కి పిలిపించి ఆ దోసిట్లో ధార పోశాడు.

ఆ సాయంత్రమే గుమ్మం బయట, గాలి బాగా వచ్చే చోట, సర్వేశ్వరయ్యకు కొత్త చాప వేశారు.