దొరగారి పందెపు రథము

మా ముత్తాత కాళప్పాచారిగారు వరద వచ్చిన యేట పడవలు చేసి మూడూళ్ల జనమును ఒడ్డు చేర్చిరి. మా తాత మౌనాచారిగారు బీదల బండ్లకు కూలి పుచ్చుకొనక ఇరుసులు వేసిరి. ఆ తాతగారే పిడుగుకోట దొర పందెపు రథమును తోలుచుండగా అది బోల్తాపడి మరణించిరి.

పదునొకండవ దినము గడవకమునుపే దొర మా అవ్వ సిద్ధమాంబను పిలిపించెను. వాకిట నాలుగు క్రొత్త రథములుండెను.

"పాతది మరీ నెమ్మది. వడ్రంగి ఇంటిదానివి, వీటిలో మెరుపులా పోయేదేదో చెప్పు. రేపు పందెంలో నీ కొడుకే తోలాలి."

ఆ కొడుకు మా నాయన. అవ్వ కన్నీరు పెట్టలేదు.

"ఈ ఎర్రది, దొరా. సన్నని చక్రాలు, ఎత్తైన పీఠం. మావాడు గెలుస్తాడు. ఊరంతా వాణ్ణి భుజాలకెత్తుకుంటుంది."

దొర ముఖము ముడుచుకొనెను. "వాణ్ణా? రథం నాది గదే!"

"తమదే. కాని జనం జేజేలు కొట్టేది పగ్గాలు పట్టినవాడికే గదా!"

"అయితే పగ్గాలు నేనే పడతాను!"

"చిత్తం. ఎర్రదానికే గుర్రాలను కట్టించమంటారా?"

దొర ఆ సన్నని చక్రములను చాలసేపు చూచెను. పిదప గొంతు తగ్గించి, "సిద్ధమ్మా, వీటిలో బోల్తాపడనిది ఏది?" అని యడిగెను.

"ఆ మూలనున్న వెడల్పాటిది, దొరా. అటువంటిదే కొనమని మావారు బతికుండగా తమకు మొరపెట్టుకున్నారు."

దొర దానికే గుర్రములను కట్టించెను. మరునాడు పందెమున కడపటివాడుగా వచ్చెను. మా నాయన ఇంటనే యుండెను. అయినను తాతగారు పోయిన ఆ యింట నవ్వినవారు లేరు.

అవ్వ నాయనకు అప్పగించినవి తాతగారి పనిముట్లు: రెండు ఉలులు, ఒక బాడిస, ఒక కొలబద్ద. నాయన వానిని నాకిచ్చెను. నేను నా మనుమరాలికిచ్చితిని.