ముందు చక్రం

సామాను గురించి అడిగినవాళ్ళకు మైలపిల్లి దాసు మాస్టారి దగ్గర మాటతో జవాబు దొరకడం అరుదు. నౌకాదళంలో ఈత నేర్పి రిటైరయ్యాక ఆయన విశాఖ సముద్రపొడ్డున మాలాంటి వాళ్ళని కొందరిని చేరదీసి ట్రయథ్లాన్‌కు తయారుచేసేవారు. ఈత, సైకిలు, పరుగు, మూడూ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా చేయాల్సిన పోటీ అది. ఏ బూట్లు కొనాలి, ఏ కళ్ళద్దాలు మంచివి అని అడిగితే ఆయన శ్రద్ధగా వినేవారు, తలూపేవారు, ఆ తర్వాత అడిగినవాళ్ళని వెంటబెట్టుకుని ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్ళేవారు. జవాబు అక్కడ ఎదురయ్యేది. అది జవాబని తెలియడానికి మాలో కొందరికి ఏడాది పట్టింది.

గొర్లె సుభాషిణి ఆయన్ని అడిగింది ముందు చక్రం గురించి.

సుభాషిణి ఒక డిగ్రీ కాలేజీలో గణితం చెప్పేది. ముప్పై దాటిన మనిషి, ఒక ఆడపిల్ల తల్లి. చూడ్డానికి ఎండు కొబ్బరాకులా సన్నగా ఉండేది కాని నీళ్ళలో దిగితే మాలో చాలామంది ఆమె వెనకే. అంతకు ముందు సంవత్సరం రాష్ట్ర జట్టుకు ముగ్గురు ఆడవాళ్ళని తీసుకునే ఎంపిక పోటీలో ఆమెకు నాలుగో స్థానం వచ్చింది. బెజవాడ నుంచి వచ్చిన స్టెల్లా అనే ఆవిడ భీమిలి దారిలో ఆమెను దాటుకుని వెళ్ళిపోయింది. స్టెల్లా సైకిలుకు లోతైన రిమ్ముల చక్రాలున్నాయి. అవి గాలిని కోసుకుంటూ పోతుంటే తేనెపట్టు కదిలినట్టు ఒక హోరు వచ్చేది. ఆ హోరు తన పక్కనుంచి ముందుకు పోయి, సన్నగిల్లి, వినిపించకుండా పోవడం సుభాషిణి మరిచిపోలేదు. ఈ ఏడు మళ్ళీ అదే దారిలో ఎంపిక. కాలేజీలో సెలవు ఇస్తూనే మొహం ముడుచుకున్నారు. పాపను చూసుకునే అత్తగారు ఇదే ఆఖరు కదమ్మా అని అడిగింది.

మేము సైకిళ్ళు పెట్టుకునే షెడ్డులో ఒక పాత సభ్యుడు వదిలివెళ్ళిన మంచి చక్రాలుండేవి. వెనక చక్రం విషయంలో పేచీ లేదు. మనిషి బరువు దానిమీదే ఉంటుంది గనక ఎంత లోతైనదైనా నిలుస్తుంది. ముందు చక్రాలే మూడు రకాలు. రిమ్ము నలభై మిల్లీమీటర్ల లోతున్నది ఒకటి, అరవైది ఒకటి, ఎనభైది ఒకటి. లోతు పెరిగేకొద్దీ ఎదురుగాలిని బాగా చీల్చుకుంటుంది. అదే గాలి పక్కనుంచి కొడితే తెరచాపలా పట్టేసుకుని, సైకిలు మొహాన్ని తనకు తోచినవైపు తిప్పేస్తుంది. ఈ సంగతి సుభాషిణికి తెలియక కాదు. గాలి వేగాలు, కోణాలు, ఆదా అయ్యే నిమిషాలు అన్నీ ఆమె లెక్కగట్టి పెట్టుకుంది. ఎనభై వేసుకుంటే పోయినేడు తను పోగొట్టుకున్న వ్యవధి తిరిగి వస్తుందని లెక్క తేలింది. అయినా మాస్టారి నోటితో ఒక మాట వినాలనుకుంది.

"నాకు ఏ చక్రం సరిపోతుంది మాస్టారూ?" అని అడిగింది.

ఆయన తలూపి, ఎనభై బిగించమన్నారు. ఒక సీసా నిండా నీళ్ళు సైకిలుకు పెట్టించి, చొక్కా వెనక జేబులో ఒక అరటిపండు దోపించి, మధ్యాహ్నం భీమిలి వెళ్ళి రమ్మన్నారు. తాను స్కూటరు మీద వెనక బయల్దేరారు. మేమూ కొంతమంది సైకిళ్ళు వేసుకుని వెంట పడ్డాం.

మధ్యాహ్నం ఆ రోడ్డు మీద సముద్రపు గాలి అడ్డంగా వీస్తుంది. వెళ్ళేటప్పుడు పరవాలేదనిపించింది. హ్యాండిలు నుంచి ముందుకు చాచిన కడ్డీల మీద మోచేతులు ఆన్చి, వీపు బల్లపరుపుగా వంచి, ఆమె మా అందరినీ వెనక వదిలేసింది. తిరుగుదారిలో గాలి ఎడమ నుంచి కుడికి, అంటే వచ్చే బళ్ళ వైపుకు తోస్తుంది. ఎర్రమట్టి దిబ్బల చాటు ఉన్నంతసేపూ ఏమీ లేదు. దిబ్బ అయిపోయి సముద్రం తెరుచుకున్న చోట ఒక్క విసురు వచ్చింది. ముందు చక్రం ఎవరో చెయ్యి పెట్టి లాగినట్టు పక్కకు తిరిగింది. ఆమె రోడ్డు మధ్యకు కొట్టుకుపోయింది. ఎదురుగా వస్తున్న బస్సు హారన్ మోగిస్తూ ఆమె భుజం పక్కనుంచే వెళ్ళింది. సుభాషిణి పడలేదు. కడ్డీల మీంచి లేచి, బ్రేకులు బిగపట్టి, నిటారుగా కూర్చుని, మిగతా దారంతా అలాగే వచ్చింది.

షెడ్డు దగ్గర దిగాక ఆమె వేళ్ళు విచ్చుకోలేదు. ఒక్కొక్క వేలే తీసుకోవాల్సి వచ్చింది. ఎనభై వద్దని మాస్టారు చెబుతారని మేమంతా చూస్తున్నాం. ఆయన స్కూటరుకు స్టాండు వేసి నిదానంగా దగ్గరికి వచ్చారు.

"అమ్మా, ఇవాళ సైకిలు తొక్కావా, పట్టుకున్నావా?"

సీసాలో నీళ్ళు నింపినట్టే ఉన్నాయి. జేబులో పండు నలిగింది గాని తినలేదు. చెయ్యి వదిలితే కదా తాగడానికి, తినడానికి.

మర్నాడు నలభై వేయించారు. అదే వేళ, అదే దారి, గాలీ అంతే. సుభాషిణి నీళ్ళు తాగింది, పండు తింది, దిబ్బల మలుపులో ఒక చేత్తో నడుపుతూ మాకు చెయ్యి కూడా ఊపింది. వచ్చాక మొహం తేటగా ఉంది. హాయిగా ఉంది మాస్టారూ, అసలు భయమే వేయలేదు అంది. ఆమె ప్రశ్నకు జవాబు దొరికిందని మేమూ అనుకున్నాం.

"భయం వేయకుండా వెళ్ళిరావడానికైతే బస్సుంది కదమ్మా," అన్నారాయన.

మేము నవ్వాం. సుభాషిణి నవ్వలేదు. మరుసటి రోజు మేము వచ్చేసరికి ఆమె తనే నలభై ఊడదీసి అరవై బిగించుకుంటోంది. మాస్టారు చూశారు. బాగుందనలేదు, వద్దనలేదు.

అరవై ఆమెకు సులువుగా లొంగలేదు. ఎనభైలాగా విసిరి కొట్టేది కాదు గాని, దిబ్బలు దాటాక చక్రం వణికేది. వణికిందంటే ఆమె బిగుసుకునేది. బిగుసుకుంటే ఇంకా వణికేది. ఒక సాయంత్రం రోడ్డు పక్క ఇసుకలోకి దూసుకుపోయి పడింది. మోచెయ్యి గీరుకుపోయింది. మాస్టారు స్కూటరు ఆపి వెళ్ళి పక్కన కూర్చున్నారు. ఆమెకు ఏడుపొచ్చింది. ఈ చక్రం నాకు తగినదో కాదో ఒక్కసారి చెప్పెయ్యండి, కాదంటే ఇప్పుడే మానేస్తానని అడిగింది. ఆయన రుమాలుతో మోచేతి మీది ఇసుక దులిపారు. ఆమె ఊపిరి కుదుటపడేదాకా సముద్రంకేసి చూస్తూ ఉన్నారు. ఆ తర్వాత లేచి, స్కూటరును ఇంటివైపు కాక వెనక్కి, దిబ్బలు మొదలయ్యే వైపుకు తిప్పారు. సుభాషిణి సైకిలు లేవనెత్తి, హ్యాండిలు సరిచేసుకుని, ఆయన వెనకే వెళ్ళింది. ఆ రోజు ఆ మలుపు ఆమె మళ్ళీ దాటింది. వణుకుతూనే దాటింది.

ఆ రోజు నుంచి కాలేజీ కాగానే ఆమె అక్కడికే వెళ్ళేది. దూరాలు తొక్కడం తగ్గించి ఆ ఒక్క ముక్క రోడ్డునే పట్టుకుంది. దారి పక్క సరుగుడు చెట్ల తలలు వంగాయంటే విసురు వస్తోందని గుర్తుపట్టడం నేర్చుకుంది. చూపు ముందు చక్రం మీంచి తీసి దూరంగా రోడ్డు మీద నిలిపింది. మోచేతులు వదులు చేసింది. చక్రం కొద్దిగా తిరిగితే తిరగనిచ్చి, దానంతటది తిరిగివచ్చేదాకా కాళ్ళు ఆపకుండా తొక్కేది. విసురు తగలగానే తొక్కడం మానేయడమే తన అలవాటని, పడేసేది అదేనని, ఒకరోజు ఆమే మాకు చెప్పింది. గణితం పాఠం చెప్పినట్టే, తనను గురించి కానట్టు చెప్పింది. వేసవి మొదలయ్యే రోజుల్లో ఒక మధ్యాహ్నం, మేము వెనక వస్తూ ఉండగా, ఆ మలుపులో ఆమె కుడిచెయ్యి తీసి సీసా అందుకుని తాగి, మళ్ళీ పెట్టేసింది. మాస్టారి స్కూటరు ఒక్క క్షణం నెమ్మదించింది.

పోటీ ముందు రోజు సాయంత్రం మా వాళ్ళలో ఒకరు కబురు తెచ్చారు. తెల్లవారి గాలి ఉండదట, బయటనుంచి వచ్చినవాళ్ళంతా ఎనభై బిగిస్తున్నారట. గాలి లేకపోతే ఎనభైదే లాభమని సుభాషిణి లెక్క ముందునుంచీ చెబుతోంది. ఆమె షెడ్డులోకి వెళ్ళి ఎనభై చక్రాన్ని చేత్తో తిప్పి చూసింది. మాస్టారికేసి చూసింది. ఆయన రేపు ఈత దగ్గర ఉండాలి, నీళ్ళలో హద్దు కట్టే తాళ్ళు చూసుకోవాలి అని గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. ఆమె చక్రాన్ని చేత్తో ఆపి, యథాస్థానంలో తగిలించి, తన అరవైకి గాలి నింపుకుంది.

ఉదయం సముద్రం చెరువులా ఉంది. సుభాషిణి ఈతలోంచి మొదటివాళ్ళతో పాటే బయటికి వచ్చింది. సైకిళ్ళెక్కి భీమిలి దారి పట్టాక, అన్నట్టే, ఆకు కదల్లేదు. స్టెల్లా ఆమెను దాటింది. ఆ వెనకే కాకినాడమ్మాయి ఒకతె, ఇంకొకావిడ కూడా దాటారు. రోడ్డు పక్కన నిలబడ్డ మాకు ఆ చక్రాల హోరు ముందు వినిపించి, ఆ తర్వాత సుభాషిణి కనిపించింది. ఆ క్షణంలో వాళ్ళ వెంట పడాలని కాళ్ళు కొట్టుకున్నాయని తర్వాత చెప్పింది. పడలేదు. తన ఊపిరి తప్పకుండా తొక్కింది. తాగాల్సిన చోట తాగింది, తినాల్సిన చోట తింది. నాలుగో స్థానం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి నాలుగో స్థానంలో ఉండి ఆ పని చేయడం తేలిక కాదు.

ఆ దారిలో రెండుసార్లు వెళ్ళి రావాలి. రెండోసారి తిరిగి వచ్చేటప్పటికి ఎండ ఎక్కింది, సముద్రపు గాలి లేచింది. దిబ్బలు దాటిన చోట ముందు స్టెల్లా వచ్చింది. ఆవిడ కాస్త భారీ మనిషి, భుజాలు గట్టివి. ఎనభై చక్రం మీద అడ్డగాలిలో కూడా మోచేతులు ఎత్తకుండా అలాగే వెళ్ళిపోయింది. ఆవిడ వెనక ఇద్దరూ మాత్రం కడ్డీల మీంచి లేచిపోయారు. బ్రేకులు పట్టుకుని, మెడలు బిగించి, రోడ్డుతో బతిమాలుకుంటున్నట్టు వస్తున్నారు. సుభాషిణి చక్రం కూడా వణికింది. ఆమె వంగిన వీపు లేవలేదు, కాళ్ళు ఆగలేదు. ఇద్దరినీ ఆ ముక్కలోనే దాటింది.

పరుగులో కాకినాడమ్మాయి మళ్ళీ ముందుకు పోయింది. ఆ పిల్ల పరుగుకే పుట్టినట్టుండేది. మిగిలినావిడ చివరిదాకా సుభాషిణి వెనకే అడుగులు వినిపించేంత దగ్గరలో ఉంది. ఆఖరి మలుపు దగ్గర ఆ అడుగులు వెనకబడ్డాయి. సైకిలు మీద తాగని నీళ్ళు ఎవరికైనా పరుగులో గుర్తొస్తాయి. స్టెల్లా మొదట, కాకినాడమ్మాయి రెండు, సుభాషిణి మూడు. జట్టులో చోటు దొరికింది. గీత దాటి ఆమె ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. అత్తగారు పాపను ఎత్తుకుని జనంలోంచి తోసుకుంటూ వచ్చి, అంతమందిలో ఏమనాలో తోచక, కోడలి మొహం పమిటకొంగుతో తుడిచింది.

కాసేపటికి స్టెల్లా వచ్చి చెయ్యి కలిపి వెళ్ళింది. దిబ్బల దగ్గర గాలి ఎలా ఉందని సుభాషిణి అడిగితే, అక్కడ గాలి ఉందా అందట. ఎగతాళి కాదు, ఆవిడకి నిజంగానే తెలియలేదు. సుభాషిణి ఆవిడ వెళ్ళినవైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి, కాళ్ళు ఈడ్చుకుంటూ, ఈత తాళ్ళు చుట్టుకుంటున్న మాస్టారి దగ్గరికి వెళ్ళింది. మొహంలో అలసట ఉంది, దాని వెనక మాకు బాగా తెలిసిన ఆ పట్టుదల కూడా ఉంది.

"వచ్చే ఏడు నేను ఎనభై వేసుకోవచ్చా మాస్టారూ?"

దాసు మాస్టారు తాడు చుట్టడం ఆపలేదు. "వచ్చే ఏడు గాలి ఎలా ఉంటుందో చెప్పలేనమ్మా," అన్నారు. "నువ్వెలా ఉంటావో అసలే చెప్పలేను."